కుడి చెవిలో గంగ

భీమడోలు కాలవగట్టు వీధిలో కొత్తగా కాపురానికొచ్చిన పిల్లలు ఎవరైనా సీతాలక్ష్మి దగ్గర కూర్చుని అత్తింటి కష్టాలు చెప్పుకుంటే, ఆవిడ తన కష్టం ఒకటి చెబుతుంది. అది మడి కాదు, వంట కాదు. మొగుడికి అన్నం పెట్టడం.

ఆవిడ పుట్టిల్లు ఏలూరు. తండ్రి బడిపంతులు. ఆ ఇంట్లో నలుగురూ అన్నానికి కూర్చుంటే ఊరి సంగతులన్నీ విస్తట్లోనే పడేవి. భీమశంకరం ఇంట్లో అలా కాదు. ఆయన పురోహితుడు, ఆయన తండ్రీ పురోహితుడే. ఔపోశన పట్టి మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్నాడంటే, భోజనం అయి ఉత్తరాపోశన పట్టేదాకా నోట మాట రాదు. ఏం కావాలన్నా చేత్తోనే. బొటనవేలూ చూపుడువేలూ రాపాడిస్తే ఉప్పు. అరచెయ్యి వాల్చి అటూ ఇటూ ఊపితే మజ్జిగ. రెండు చేతులూ విస్తరి మీద అడ్డంగా చాపితే ఇక చాలు. మొదటి రోజు ఆయన మజ్జిగ అడిగితే సీతాలక్ష్మి పరుగున వెళ్ళి విసనకర్ర తెచ్చి విసరడం మొదలుపెట్టింది. ఆయన ఇంకా గట్టిగా ఊపాడు. ఆవిడ ఇంకా గట్టిగా విసిరింది. చివరికి అత్తగారు వంటింట్లోంచి చూసి, "అమ్మాయీ, వాడు ఎగిరిపోతాడే!" అంది.

అలా మొదలైన భాష ఏళ్ళు గడిచేసరికి పెరిగి పెద్దదైంది. వీధిలోకి ఎవరొచ్చారో, ఎందుకొచ్చారో, ఉండమనాలో పంపెయ్యాలో, అన్నీ చేతుల్లోనే నడిచిపోయేవి. మీసం దువ్వినట్టు చేస్తే ఉంగుటూరు పాండురంగారావు వచ్చాడని అర్థం. ఉత్తరాపోశన అయిన మరుక్షణం మాత్రం ఆయన నోరు విప్పేవాడు. అప్పటిదాకా ఆపిన మాటలన్నీ ఒక్కసారి వచ్చేవి. సీతాలక్ష్మి ఆ మాటల కోసమే ఎదురుచూసేది.

చెవుడు ఇంట్లోకొచ్చేటప్పుడు తలుపు తట్టదు. తట్టినా ఆయనకు వినపడేది కాదనుకోండి.

మొదట కుక్కరు కూత పోయింది. తరవాత ఫోను. ఆ తరవాత మాటల్లోంచి స, శ, ష లాంటి సన్నటి అక్షరాలు ఒక్కొక్కటే జారిపోయాయి. "ఈ కాలం వాళ్ళు నోట్లో ముద్ద పెట్టుకుని మాట్లాడతారు" అని భీమశంకరం విసుక్కునేవాడు. కొన్నాళ్ళు సీతాలక్ష్మి కూడా అదే నిజమనుకుంది.

గుడ్డివాడు రోడ్డు దాటుతుంటే మన జనం చెయ్యి పట్టుకుంటారు. కుంటివాడికి బస్సులో సీటిస్తారు. చెవిటివాడు "ఏమిటీ?" అంటే మాత్రం నవ్వుతారు. రెండోసారి "ఏమిటీ?" అంటే విసుక్కుంటారు. మూడోసారి "ఏం లేదులెండి" అంటారు. ఏదో ఉంటేనే కదా మొదటిసారి చెప్పింది! ఉన్నదాన్ని లేదనేస్తారు, అంతే. విచిత్రమేమిటంటే ఆ మాట మాత్రం అందరూ గట్టిగానే అంటారు. భీమశంకరానికి ఊళ్ళో స్పష్టంగా వినపడే మాట అదొక్కటే అయింది. కిరాణా కొట్టులో ఏం లేదులెండి, గుళ్ళో ఏం లేదులెండి, బస్సులో పక్కవాడు నవ్వుతుంటే ఎందుకు నాయనా అని అడిగితే ఏం లేదులెండి.

ఇంట్లో కూడా. పొయ్యి మీద పోపు మాడుతుంటే సీతాలక్ష్మి మాత్రం ఎన్నిసార్లు చెబుతుంది?

పోయిన మాఘమాసంలో తాడేపల్లిగూడెంలో ఒక పెళ్ళి జరిగింది. లగ్నపత్రిక రాసిన పంతులుగారికి జ్వరం తగిలి, ఆఖరి గడియలో భీమశంకరానికి కబురొచ్చింది. పెళ్ళికూతురి అమ్మమ్మ ఏలూరులో ఒకప్పటి పక్కింటావిడ కావడంతో సీతాలక్ష్మి కూడా వెళ్ళింది. మగపెళ్ళివారిది కౌండిన్యస గోత్రం. ఆ సంగతి కబురు తెచ్చినవాళ్ళే చెప్పారు. ఆడపెళ్ళివారిది పందిట్లో అడగాల్సి వచ్చింది. ఒక పక్క ఆ చుట్టుపక్కల ఏ పెళ్ళికైనా వాయించే అబ్బులు సన్నాయి, ఒక పక్క పిల్లల గోల, మధ్యలో వీడియో అతను "కొంచెం ఇటు తిరగండి పంతులుగారూ" అంటూ. పెళ్ళికూతురి బాబాయి వంగి, "కౌశికస అండీ" అన్నాడు. భీమశంకరం చెవికి మొదటి అక్షరం అందింది. మిగతాది ఆయనే పూరించుకున్నాడు. సగం విని సగం కట్టుకోవడం అప్పటికి ఆయనకు అలవాటైపోయింది. ఆ అలవాటుతోనే ఎన్నో నెట్టుకొచ్చాడు.

ప్రవర చదవడం మొదలుపెట్టాడు. చెవి పోయినా గొంతు పోలేదు, కంచుగంటే. వరుడికి చదివిన ఋషుల పేర్లే వధువుకీ చదివి, "కౌండిన్యస గోత్రోద్భవాం" అని మైకులో ఖంగుమనిపించాడు. ఒకే గోత్రమంటే ఒకే ఋషి సంతానం. అన్నాచెల్లెళ్ళ వరస.

సన్నాయి ఆగిపోయింది.

"ఏవండోయ్ పంతులుగారూ, అన్నాచెల్లెళ్ళకి ముడేస్తున్నారేంటండీ?" అన్నాడు పెళ్ళికొడుకు మేనమామ.

పందిరంతా గొల్లుమంది. భీమశంకరానికి ఆ మాట వినపడలేదు. నవ్వు మాత్రం కనపడింది. ఎవరో మంచి చమత్కారం చేశారనుకుని ఆయనా నవ్వాడు. అది చూసి జనం ఇంకా నవ్వారు.

ఆ రెండో నవ్వు సీతాలక్ష్మి గుండెల్లో ములికిలా దిగింది. ఎవరో అరిచి చెప్పారు, ఆయన సరిదిద్ది చదివాడు, పెళ్ళి సలక్షణంగా జరిగింది. కానీ వీడియో ఊళ్ళో ఫోన్లన్నీ తిరిగింది. బిడ్డకు పేరు పెట్టాలంటే మనవాళ్ళు మంచిరోజు చూస్తారు. పెద్దవాడికి పేరు పెట్టడానికి అదేమీ అక్కర్లేదు, ఒక పొరపాటు చాలు. భీమశంకరం "అన్నాచెల్లెళ్ళ పంతులు" అయిపోయాడు.

పెళ్ళిళ్ళకు రమ్మనే కబుర్లు తగ్గాయి. వచ్చిన ఒకటీ అరా పిలుపులకు కూడా ఆయన మోకాళ్ళ నొప్పులని చెప్పి మానేశాడు. అరుగు మీద కూర్చుని రోడ్డు మీద పోయే చేపల లారీలను చూసేవాడు. పొద్దున్నే ఇంటి కప్పు ఎగిరేలా చదివే వేదపనసలు పెదాల మీదే చదువుకునేవాడు. అన్నం తిని ఉత్తరాపోశన పట్టాక కూడా మాట్లాడటం మానేశాడు. చెయ్యి కడుక్కుని, అదే మౌనంతో లేచి వెళ్ళిపోయేవాడు. సీతాలక్ష్మి ఖాళీ విస్తరి ముందు కాసేపు అలాగే కూర్చునేది.

అలాంటి రోజుల్లో పాండురంగారావు వచ్చాడు. ఉంగుటూరులో వరి రైతు. ఆయన ఇంట్లో మంచికీ చెడుకీ భీమశంకరం నోరే పలికేది.

"ఆయ్, అమ్మాయి శ్రీదుర్గకి సంబంధం కుదిరిందండి. మండవల్లి అండి, చేపల చెరువుల వాళ్ళు. దాని అన్నప్రాశన మీరే చేశారు, అక్షరాభ్యాసం మీరే చేశారు. పెళ్ళి కూడా మీ చేతుల మీదగానే అవ్వాలండి" అన్నాడు, గట్టిగా, ఎదురుగా నిలబడి.

భీమశంకరం ముఖం విప్పారింది. తల ఊపాడు.

పాండురంగారావు సీతాలక్ష్మి వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అమ్మా, మా వియ్యంకుడు బుచ్చిబాబు గారు ఆ వీడియో చూశారంటండి. పక్కన ఇంకో పంతులుగారిని కూడా కూర్చోబెడదాం అంటున్నారు. గోత్రాలూ ప్రవరలూ ఆయన చూసుకుంటారు. ఈయన పెద్దరికంగా ఉండి అక్షింతలేస్తే చాలండి."

"ఏమంటున్నాడే?" అన్నాడు భీమశంకరం.

"ఏం లేదులెండి!" అన్నాడు పాండురంగారావు, నవ్వు ముఖం పెట్టి.

ఆయన వెళ్ళాక భీమశంకరం భార్యను కూర్చోమన్నాడు. "ఏం లేదన్నాడంటే ఏదో ఉందన్నమాట. చెప్పు."

సీతాలక్ష్మి దాచలేదు. కుడి చెవి దగ్గరకు వంగి మొత్తం చెప్పింది. ఆయన విన్నాడు. "పట్టుబట్ట కట్టుకుని బొమ్మలా కూర్చోవడానికి నేను రానే. అడిగి, విని, చదివితేనే పురోహితుడు. లేకపోతే ఆ ఇంకో పంతులుతోనే చేయించుకోమను" అన్నాడు.

"ఈ ఒక్కటీ మానేస్తారా?"

"ఇది మానితే అన్నీ మానినట్టే."

ఆ రాత్రే సీతాలక్ష్మి ఏలూరులో టీచరుగా ఉన్న కూతురు భావనకు ఫోను చేసింది. ఆ వారంలోనే మొగుడూ పెళ్ళాలిద్దరూ పాసింజరెక్కి వెళ్ళారు. చెవుల డాక్టరు ఆయన్ని ఒక చిన్న గదిలో కూర్చోబెట్టి, తలకు హెడ్‌ఫోన్ తగిలించి, శబ్దం వినపడినప్పుడల్లా బటన్ నొక్కమన్నాడు. భీమశంకరం వినపడినా నొక్కాడు, వినపడకపోయినా మర్యాద కోసం నొక్కాడు. మళ్ళీ మొదటి నుంచి చెయ్యాల్సొచ్చింది. చివరికి తేలింది, ఎడం చెవిలో నరం పూర్తిగా పోయింది. కుడి చెవిలో కొంత మిగిలింది. దానికి మిషను పెడితే పని జరుగుతుంది.

అక్కడ పనిచేసే అమ్మాయి మిషను కుడి చెవికి అమర్చి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, "తాతగారూ, వినపడుతోందాండీ?" అంది. ఆయన ఉలిక్కిపడి, "ఆ ఫ్యాను ఎప్పట్నుంచి తిరుగుతోంది?" అన్నాడు. భావన నవ్వుతూ కళ్ళు తుడుచుకుంది.

అంతా బాగానే ఉంది కదా అనుకునేసరికి, గుమ్మం దాటుతూనే ఆయన మిషను తీసి రుమాల్లో చుట్టేశాడు.

"ఎడం చెవికైతే పెట్టుకుంటాను."

"ఎడం చెవికి లాభం లేదన్నారు కదా నాన్నా!" అంది భావన.

"కుడి చెవికి కుదరదమ్మా."

కారణం సీతాలక్ష్మికి తెలుసు. కుడి చెవిలో గంగ ఉంటుందని శాస్త్రం. ఆచమనానికి నీళ్ళు దొరక్కపోతే కుడి చెవి ముట్టుకుంటే చాలు, శుద్ధి అయినట్టే. అశుచి వేళ జంధ్యం చుట్టేది ఆ చెవికే. వడుగునాడు పట్టుబట్ట ముసుగు కింద తండ్రి గాయత్రి చెప్పింది ఆ చెవిలోనే. అలాంటి చోట ప్లాస్టిక్ ముక్క పెట్టి, దానికి బ్యాటరీ వేసి, దాంతో సంధ్య వార్చడమా!

మిషను డబ్బా వంటింటి గూట్లోకి, ఉప్పు జాడీ పక్కకు చేరింది. సీతాలక్ష్మి ఒకరోజు ఉండబట్టలేక, "కళ్ళజోడు పెట్టుకుని పూజ చెయ్యట్లేదా మీరు?" అంది. అది రెండోసారికి ఆయనకు అందింది.

"కళ్ళల్లో గంగ లేదే" అన్నాడు.

ఆవిడకు కోపంతో పాటు నవ్వూ వచ్చింది. చదువుకున్నవాడితో వాదించడం కన్నా తడిసిన పిడకలతో పొయ్యి రాజెయ్యడం నయం.

పెళ్ళి దగ్గరకొస్తోంది. పాండురంగారావుకు ఏదో ఒక మాట చెప్పాలి. ఆ పొద్దున భీమశంకరం కాలవ మెట్ల మీద సంధ్య వారుస్తున్నాడు. సీతాలక్ష్మి రెండు మెట్లు పైన బిందె తోముతోంది. ఆయన కుడి చెవి ముట్టుకోవడం చూసింది. కాలవలో నీళ్ళు ఎర్రగా, నిండుగా పోతున్నాయి. ఆవిడ చేతిలో పీచు ఆగింది.

"ఏవండీ, ఈ నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తున్నాయి? విజ్జేశ్వరం నుంచి. అక్కడ గోదావరికి ఇనప తలుపులు పెట్టారు. దారిలో ఎన్ని లాకులు, ఎన్ని షట్టర్లు! ఆ ఇనుములోంచి దూరి వచ్చిన నీళ్ళతోనేగా మీరు అర్ఘ్యం ఇస్తున్నారు? ఆ గంగకి లేని మైల మీ చెవిలో గంగకి వచ్చిందా? తలుపు లేకపోతే నీళ్ళు సముద్రంలోకి పోతాయి. పొలానికి రావాలంటే తలుపు ఉండాలి."

జీవితంలో అంత చక్కగా ఎన్నడూ మాట్లాడలేదనిపించింది ఆవిడకు. ఆయన తల తిప్పాడు.

"ఏమిటీ?"

గట్టు మీద ట్రాక్టరు పోతోంది. బిందె ఇంకా సగం తోమాలి. అంత మాటా మళ్ళీ మొదలుపెట్టడానికి ఓపిక చాలలేదు.

"ఏం లేదులెండి" అంది.

అని, ఆయన ముఖం చూసింది. ఆ ముఖంలో కోపం లేదు. అలవాటైపోయిన మనిషి ముఖం అది. కొట్టులో వాడి దగ్గర, బస్సులో వాడి దగ్గర పెట్టే ముఖమే తన దగ్గరా పెట్టాడు. తల ఊపి నీళ్ళవైపు తిరిగాడు.

సీతాలక్ష్మి బిందె వదిలేసింది. మెట్లు దిగి, చీర కుచ్చిళ్ళు తడుస్తుంటే ఆయనకు ఎదురుగా నీళ్ళలో నిలబడింది. మళ్ళీ చెప్పింది. "ఇనప ఏమిటీ?" అన్నాడు. మూడోసారి చెప్పింది, ఈసారి చేతుల్తో కూడా. రెండు అరచేతులు నిలబెట్టి తలుపులు చేసింది. వాటి మధ్యలోంచి నీళ్ళు తీసుకొచ్చింది. ఆ నీళ్ళు దోసిట్లో పట్టి ఆయనలా అర్ఘ్యం వదిలింది. తరవాత తడి వేలితో ఆయన కుడి చెవి ముట్టుకుంది. అవతలి రేవులో బట్టలుతికేవాళ్ళు పని ఆపి చూస్తున్నారు. చూడనీ అనుకుంది.

భీమశంకరం చెవి మీది తడి తుడుచుకున్నాడు.

"విజ్జేశ్వరం తలుపులు నేను చూశానే. తుప్పుపట్టి ఉంటాయి."

"నీళ్ళకి తుప్పు పట్టిందా?"

ఆయన లేచాడు. మెట్లెక్కుతూ, ఎటో చూస్తూ, "స్నానానికి ముందు తీసెయ్యాలిట కదా, తడిస్తే పాడవుతుందిట?" అన్నాడు.

మిషను పెట్టుకోగానే అంతా బాగైపోలేదు. గిన్నె కింద పెడితే పిడుగు పడ్డట్టుండేది. తన గొంతు తనకే గంగాళంలో మాట్లాడినట్టు వినపడి పనసలు మధ్యలో ఆపేసేవాడు. రోజూ కాస్త కాస్త పెట్టుకుని అలవాటు చేసుకున్నాడు. ఇంట్లో పరవాలేదు. సన్నాయీ డోలూ మోగితే మాత్రం అన్నీ కలిసి ఒకే హోరు. అందుకని మొగుడూ పెళ్ళాలు కూర్చుని వేరే ఏర్పాటు చేసుకున్నారు. పందిట్లో సీతాలక్ష్మి ఆయనకు ఎదురుగా కూర్చుంటుంది. ఏదైనా తప్పిపోతే అన్నం దగ్గరి ఉప్పు సైగ. ఆపాల్సి వస్తే రెండు చేతులూ అడ్డంగా చాపే చాలు సైగ. ముహూర్తం ముంచుకొస్తుంటే, తొందరగా ముగించమని మజ్జిగ.

పాండురంగారావుకు ఆయన స్వయంగా చెప్పాడు. "వస్తాను. పక్కన ఎవరూ వద్దు. మీ వియ్యంకుడు గారికి నేను సమాధానం చెప్పుకుంటాను."

ఉంగుటూరులో పొద్దుటి ముహూర్తం. ఇంటి ముందు కోతలైన చేలోనే పందిరి. మండవల్లి నుంచి రెండు బస్సుల జనం దిగారు. వాళ్ళలో కొందరు భీమశంకరం చెవి చూసి గుసగుసలాడారు. "వీడియో పంతులే" అన్నమాట సీతాలక్ష్మికి వినపడింది. ఆవిడ మోకాళ్ళ మీద చేతులు గట్టిగా పట్టుకుని కూర్చుంది.

గోత్రం అడిగే వేళ వచ్చింది. భీమశంకరం చెయ్యెత్తి అబ్బులు మేళం ఆపించాడు. మైకు అందుకున్నాడు.

"నాకు చెవుడు. మీ అందరికీ తెలుసు, ఫోన్లలో చూశారు కూడా. అందుకని మగపెళ్ళివారు నా దగ్గరకొచ్చి గోత్రం ఈ కుడి చెవిలో చెప్పాలి. నేను తిరిగి అంటాను. తప్పయితే మళ్ళీ చెప్పాలి. సరయ్యేదాకా ముహూర్తం ఎక్కడికీ పోదు."

పెళ్ళికొడుకు తండ్రి బుచ్చిబాబు లేచాడు. చెరువుల మీద నీళ్ళు చిలికే ఏరేటర్ల హోరులో అవతలి గట్టు మనిషిని కేకేసే గొంతు ఆయనది. వంగి, ఆ గొంతుతోనే, "పైడిపాల అండీ!" అన్నాడు.

మిషను కీచుమంది. భీమశంకరం చెవి పట్టుకుని పీట మీంచి అంత ఎత్తు లేచాడు.

"పైడిపాల! అయ్యా, నాకు చెవుడే గానీ మీరు మండవల్లిలో ఉండి చెప్పక్కర్లేదు."

జనం పగలబడి నవ్వారు. అందరికన్నా గట్టిగా బుచ్చిబాబు నవ్వాడు. ఆ నవ్వు భీమశంకరానికి వినపడింది. ఎందుకు నవ్వారో కూడా ఆయనకు తెలుసు.

ప్రవరలు చదివాడు. వధువుది జనకుల గోత్రం, ఆ ఇంటి తాతముత్తాతల పేర్లన్నీ ఆయనకు కంఠతా వచ్చు. అయినా హడావుడిలో శ్రీదుర్గ ముత్తాత పేరు దాటిపోయాడు. ఎదురుగా బొటనవేలూ చూపుడువేలూ రాపాడాయి. ఆయన ఆగి, వెనక్కి వెళ్ళి, ఆ పేరు చేర్చి చదివాడు. కాసేపటికి ముహూర్తం దగ్గరపడింది. సీతాలక్ష్మి అరచెయ్యి వాల్చి అటూ ఇటూ ఊపింది. పాండురంగారావు చెల్లెలు పక్కనుంచి చూసి పరుగున లోపలికెళ్ళి గ్లాసు తెచ్చింది.

"అడగొచ్చు కదండీ పిన్నిగారూ! తాగండి, చల్లటి మజ్జిగ."

సీతాలక్ష్మి ఒక చేత్తో గ్లాసు పట్టుకుని రెండో చెయ్యి ఊపుతూనే ఉంది. సరిగ్గా వేళకు జీలకర్రా బెల్లం పడ్డాయి. గట్టిమేళం మోగుతుండగా భీమశంకరం మిషను తీసి ఉత్తరీయం కొంగున ముడేసుకున్నాడు.

ఊరంతా మారిపోయిందని కాదు. ఇప్పటికీ కొందరు ఆయన్ని పిలవరు. పిలిచినవాళ్ళకు మాత్రం ఆయన మొదటి మాటే, "కుడి వైపు రండి" అని.

ఆ పెళ్ళినాటి సాయంత్రం ఆటోలో ఇంటికొస్తుంటే ఆయన మిషను మళ్ళీ పెట్టుకున్నాడు. రోడ్డు మీద లారీల మోతలో ఏదో అన్నాడు.

"ఏమిటండీ?" అంది సీతాలక్ష్మి.

"ఏం లేదులే" అన్నాడు.

ఆవిడ చురుక్కుమని చూసింది. ఆయన నవ్వి, ఆటో అబ్బాయి వెనక్కి తిరిగేంత గట్టిగా చెప్పాడు.

"డోలు ఆగినప్పుడు విన్నాను, అబ్బులు సన్నాయి శ్రుతి తప్పుతోందే! ప్రతి పెళ్ళిలోనూ వాడి వీపు తట్టి భేష్ అంటూ వచ్చాను. ఎప్పట్నుంచి ఇలా వాయిస్తున్నాడు?"

"చాలా ఏళ్ళయింది."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెప్పానండీ" అంది సీతాలక్ష్మి. "మీకు వినపడలేదు. నేనూ మళ్ళీ చెప్పలేదు."